తనంతట తానే పోయే కానుక

చచ్చిపోయిన మనిషికి జబ్బు నయం కావాలని ఎవరైనా నెలనెలా ప్రార్థన చేస్తారా? భేషుగ్గా చేస్తారు. బ్యాంకులోంచి డబ్బు వస్తున్నంత కాలం చేస్తూనే ఉంటారు.

ప్రతి నెలా ఐదో తారీఖున జయమణి సెల్‌ఫోన్ రెండుసార్లు మోగేది. మొదటి మెసేజి బ్యాంకు నుంచి: మీ ఖాతాలోంచి వెయ్యి రూపాయలు వెళ్ళాయి అని. రెండోది హైదరాబాదులో ఉండి టీవీలో సువార్త చెప్పే ఒక పరిచర్య నుంచి. దాని పేరెందుకు లెండి, చెబితే అదో ఉచిత ప్రచారం. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగులో ఇలా ఉండేది: "ప్రియమైన సిస్టర్ జయమణి, మీ కానుక అందినది. మీ భర్త బ్రదర్ ప్రేమానందం గారి స్వస్థత కొరకు మా ప్రార్థనా బృందం ఈ నెల కూడా మోకాళ్ళపై ఉన్నది. విశ్వాసం విడువకండి."

ప్రేమానందం ఫిబ్రవరిలోనే పోయాడు. జగ్గయ్యపేట అవతల సిమెంటు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి, రెండు కిడ్నీలూ చెడిపోయి, విజయవాడ ఆస్పత్రికి తిరిగి తిరిగి, చివరికి నందిగామలో సొంత ఇంట్లోనే తల్లి చేతి మీదుగా గుక్కెడు మంచినీళ్ళు తాగి కన్నుమూశాడు. సమాధి మీద సిలువకి వేసిన తెల్లరంగు ఇంకా మాయలేదు. అటువంటి మనిషికి స్వస్థత కలగాలని పట్నంలో ఒక బృందం మోకాళ్ళూనిందట! మార్చిలో ఆ మెసేజి వచ్చినప్పుడు, పాపం వాళ్ళకి తెలియదు కదా అని సరిపెట్టుకుంది జయమణి. ఏప్రిల్‌లో పళ్ళు కొరికింది. మేలో ఫోను గోడకేసి కొట్టబోయి, మళ్ళీ కొనాలంటే ఎక్కడి డబ్బు అని ఆగిపోయింది.

నిజానికి ఇది కొని తెచ్చుకున్న తద్దినమే. కిందటి ఏడు వానాకాలంలో డాక్టరు పెదవి విరిచాక, ఒకనాటి తెల్లవారుజామున టీవీలో కోటు వేసుకున్న ఆయనొకడు వేలు చూపించి, "కృష్ణా జిల్లాలో ఒక సహోదరి భర్త కోసం ఏడుస్తోంది, ఆమెకి ఒక మాట ఉంది" అన్నాడు. కృష్ణా జిల్లాలో ఆ పూట భర్తల కోసం ఏడుస్తున్న ఆడవాళ్ళు ఎందరో! జయమణి మాత్రం తననే అనుకుంది. మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే. చందర్లపాడు హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు ఇలాంటివి నమ్మడమేమిటి అని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు, మొగుణ్ణి డయాలిసిస్ మంచం మీద పడుకోబెట్టి బయట బల్ల మీద ఒక్క పూట కూర్చుని వచ్చి అప్పుడు మాట్లాడాలి.

జయమణి తమ్ముడు స్టీవెన్‌కి జగ్గయ్యపేట బస్టాండు దగ్గర నెట్ సెంటరుంది. అక్క జీతం పడే ఖాతాకి ఇంటర్నెట్ బ్యాంకింగ్ పెట్టింది వాడే. ఆ పరిచర్య వెబ్‌సైటులో అక్క పేరు నమోదు చేసి, ప్రార్థనాంశం అన్నచోట బావ స్వస్థత అని కొట్టి, నెలనెలా డబ్బు వెళ్ళే ఏర్పాటు చేసిందీ వాడే.

"నువ్వు మర్చిపోయినా ఇది మర్చిపోదక్కా. ఐదో తారీఖు రాగానే తనంతట తానే పోద్ది" అన్నాడు గర్వంగా.

బడికీ ఆస్పత్రికీ మధ్య బస్సుల్లో బతుకుతున్న మనిషికి ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం. గుర్తుపెట్టుకోవలసిన వాటిలో ఒకటి తగ్గింది.

జయమణి అత్తగారు జీవరత్నానికి మాత్రం ఆ ఏర్పాటు మొదట్నుంచీ మింగుడుపడలేదు. ఆవిడ కానుక వేరు. కాపురానికి వచ్చిన నాటినుంచీ, వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి పాత డాల్డా డబ్బాలో వేస్తుంది. ఆదివారం నాడు ఆ బియ్యం గుడికి, అదే చర్చికి, పట్టుకెళ్ళి సంఘం సంచిలో పోస్తుంది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు అంతే. ఆ బియ్యంతోనే పాస్టరు అయ్యగారింట పొయ్యి వెలుగుతుంది, మిగిలింది లేనివాళ్ళకి పోతుంది.

"చెయ్యి తెరవకుండా ఇచ్చేది కానుకేంటే?" అని ఆనాడే అన్నది జీవరత్నం. ఈవిడకి ఇంటర్నెట్టంటే ఏం తెలుసులే అని జయమణి నవ్వి ఊరుకుంది.

జూన్ ఐదున బడులు ఇంకా తెరవలేదు. జయమణి వరండాలో కూర్చుని ఫోను చూస్తూ, తనకి తెలియకుండానే ఆ మెసేజి పైకి చదివేసింది. కొడుకు పేరు చెవిన పడగానే చేటలో బియ్యం ఏరుతున్న జీవరత్నం చెయ్యి ఆగిపోయింది.

"వాడి పేరెత్తావేంటే? ఎవరది?"

ఇన్ని నెలలూ కంపెనీ మెసేజీలని బొంకుతూ వచ్చిన జయమణికి ఇక దాచబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలావిడ తిడుతుందనుకుంది. తిట్టలేదు. మొహం చిన్నబుచ్చుకుని, "మరి వాళ్ళకి కబురు చెయ్యలేదా మనం? తప్పు కదే. పాపం వాళ్ళు ఇంకా వాడు మంచంలో ఉన్నాడనుకుంటున్నారు. చెప్పాలిగా" అన్నది.

చుట్టాలకి చావుకబురు పంపడం మర్చిపోయినంత బాధ ఉంది ఆ గొంతులో. జయమణి వెంటనే ఆ పరిచర్య నంబరుకి ఫోను కలిపింది. చాలాసేపు పాటలు వినిపించాక ఒక అమ్మాయి గొంతు పలికింది.

"ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, మీ భాగస్వామి నంబరు చెప్పండి."

చెప్పింది.

"సిస్టర్ జయమణిగారు, నందిగామ. బ్రదర్ ప్రేమానందంగారి స్వస్థత. అవునా సిస్టర్? బ్రదర్‌కి ఇప్పుడెలా ఉందండీ?"

"పోయారమ్మా. ఫిబ్రవరిలో."

అవతల కీబోర్డు టకటకలాడింది. "అయ్యో. ప్రభువు మిమ్మల్ని ఆదరించు గాక. అయితే సిస్టర్, ప్రార్థనాంశం మార్చమంటారా? కుటుంబ ఆదరణ ఉంది, పిల్లల చదువు ఉంది, అప్పుల నుంచి విడుదల ఉంది."

హోటల్లో సర్వరు ఇడ్లీ అయిపోయింది, ఉప్మా ఉంది అన్నట్టుగా ఉంది వరస. జయమణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏదీ వద్దు. ఆపెయ్యండి. ఆ డబ్బూ తీసుకోవద్దు, మా ఆయన పేరూ ఎత్తొద్దు."

"ఆపడం మా చేతిలో ఉండదు సిస్టర్, అది మీ బ్యాంకులో మీరు పెట్టుకున్నది. కానీ ఒక్క మాట. మీది మూడేళ్ళు ఇస్తామని మాటిచ్చిన విశ్వాస నిబంధన. మధ్యలో ఆపడం మంచిది కాదండి." ఆ అమ్మాయి ఎదుట ఏదో చూసి చదువుతున్నట్టుంది. "జనవరిలో మీ కానుక రాలేదు సిస్టర్. ఆ తర్వాతి నెల్లోనే కదా బ్రదర్ నిద్రించింది? నేననడం కాదు, మీరే ఆలోచించుకోండి."

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి సంగతి మనకి తెలుసు. వీళ్ళు వాణ్ణి మించిపోయారు. మొన్న నువ్వు మాకు నిప్పివ్వలేదు గనకనే నీ ఇల్లు కాలిందన్నారు.

జయమణి ఫోను పెట్టేసింది. తిట్టాల్సింది. తిట్టలేకపోయింది. ఎందుకంటే ఆ అమ్మాయి కొత్తగా చెప్పిందేమీ లేదు. జనవరిలో జీతమంతా ఆస్పత్రిలో కట్టేస్తే ఐదో తారీఖు నాటికి ఖాతాలో ఊడ్చినా వెయ్యి లేదు. తనంతట తానే పోయేది ఆ నెల పోలేదు. ఆ సంగతి చెప్పే మెసేజిని ఆస్పత్రి వరండాలో నిలబడి చూసినప్పుడే జయమణి గుండెలో ఒక ముల్లు దిగింది. ఇప్పుడెలా, ఏమవుతుందో అని. అయింది. అప్పట్నుంచీ ఆ ముల్లుని ఎవరికీ చూపించకుండా మోస్తోంది. ముక్కూ మొహం తెలియని పిల్ల ఫోనులో దాన్ని ఇంకాస్త లోపలికి నొక్కింది.

ఆ తర్వాత జయమణి తిండి సరిగ్గా తినలేదు. ఆపెయ్యాలనే ఉంది. కానీ ఆపితే? ఒక్క నెల తప్పినందుకే మనిషి పోతే, మొత్తం ఆపేస్తే ఇంకెవరి మీదికి వస్తుంది? విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు రూబీ కళ్ళముందు కదిలింది. ఆ రోజే రూబీ దగ్గుతూ ఫోన్లో మాట్లాడింది కూడా. అంత కోపమూ భయం కింద అణిగిపోయింది. ఇంత చదువు చదివిన మనిషిని ఇలా కట్టిపడేసినవాళ్ళని ఏమనాలి?

మర్నాడు పొద్దున వంటకి బియ్యం కొలిచి, జయమణి ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసింది. కాసేపాగి ఇంకొకటి వేసింది. మళ్ళీ ఇంకొకటి. గుమ్మంలో కూర్చున్న జీవరత్నం చూడనే చూసింది.

"ఎన్ని పిడికిళ్ళే? ఎవరికి భయపడి వేస్తున్నావు?"

అంతే, జయమణి అక్కడే పీట మీద కూలబడి ఏడ్చేసింది. జనవరి సంగతీ, ఆ అమ్మాయి అన్న మాటా, రూబీ దగ్గూ, అన్నీ కలిపి వెళ్ళగక్కింది. "నావల్లే పోయారేమో అత్తమ్మా" అన్నది చివరికి.

జీవరత్నం లేచి వచ్చింది. ఆవిడ ఓదార్చే రకం కాదు. కోపం వస్తే ఆవిడ గొంతు పక్కింటిదాకా పోతుంది, ఇప్పుడూ అంతే పోయింది.

"వాడు పోయిన రోజు మనింట్లో పొయ్యి వెలిగిందా?"

"లేదు."

"మూడో రోజు ఆదరణ కూడిక అయ్యేదాకా వెలిగిందా?"

"లేదత్తమ్మా."

"మరి ఆ రోజుల్లో నేను పిడికిలి తీశానా? తియ్యలా. ఇన్నేళ్ళలో నేను తప్పింది అప్పుడే. నేను బియ్యం ఎయ్యలేదని దేవుడు నాకు కూడు లేకుండా చేశాడా? అయ్యగారింటి నుంచి ప్రమీలారాణి అమ్మగారు వండి తెచ్చింది. ఏ బియ్యం అది? గుళ్ళో సంచిలో బియ్యం. కోటా బియ్యం, సన్నబియ్యం అన్నీ కలిసి సగం మెత్తగా, సగం పలుకుగా ఉడికింది. నోట్లో పెట్టుకుని నువ్వే అన్నావు, ఇదేంటత్తమ్మా ఇట్టా ఉందని. గుర్తుందా?"

జయమణికి గుర్తుంది. ఆ మూడు రోజులూ గొంతు దిగింది ఆ అన్నమొక్కటే.

"నేను ఎయ్యని రోజున నాకు పెట్టినవాడు, నువ్వు ఎయ్యని నెలకి నీ మొగుణ్ణి తీసుకుపోతాడా? నా కొడుకుని కన్నది నేను, చచ్చేదాకా మంచం పక్కన కూర్చున్నది నేను. వాడు ఎందుకు పోయాడో నాకు చెప్తారా వాళ్ళు? ఫోను కలిపియ్యవే, ఆ మాటన్నదాన్ని నేను అడుగుతా!"

ఫోను కలపలేదు గానీ, జయమణి మొహం కడుక్కుంది. డబ్బాలోంచి రెండు పిడికిళ్ళు తిరిగి తీసి ఎసట్లో వేసింది. పదిగంటలకల్లా బ్యాంకులో ఉంది.

నందిగామ బ్రాంచిలో ఆ కౌంటరు చూసే వరప్రసాదరావు మంచివాడే. టీచరుగారని కూర్చోబెట్టి, కంప్యూటరులో చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మీరు ఆన్‌లైన్లో పెట్టుకున్నది ఆన్‌లైన్లోనే తీసుకోవాలండీ. మాకు ఇక్కడ కనపడుద్ది గానీ తియ్యడానికి లేదు."

"కనపడేదాన్ని తియ్యలేరా?"

"సిస్టం ఒప్పుకోదు మేడం."

పూర్వం అన్నిటికీ పై ఆఫీసరు ఒప్పుకోడనేవారు. ఆయన కనీసం సాయంత్రానికైనా మెత్తబడేవాడు. వరప్రసాదరావు ఊరుకోక, "అయినా దేవుడి పనికే కదండీ పోయేది, పోనివ్వండి" అన్నాడు.

జయమణి లేచి నిలబడింది. "నా డబ్బు నేను వద్దన్నా పోద్దంటే దాన్ని కానుకంటారా సార్? మా పిల్లల జేబుల్లోంచి ఎవరన్నా అట్టా తీస్తే, బళ్ళో దానికి వేరే పేరుంది."

లైన్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుని జయమణి నేరుగా బస్టాండుకి నడిచి జగ్గయ్యపేట బస్సెక్కింది. చిల్లకల్లు దాటాక దూరంగా ఫ్యాక్టరీ గొట్టం కనిపించింది. ఎప్పుడూ ఆ వైపు కిటికీ దగ్గర కూర్చునేది కాదు. ఈసారి కూర్చుని చూసింది.

స్టీవెన్ అక్కకి కూల్‌డ్రింకు తెప్పించి, విషయం విని మెడ వెనక గోక్కున్నాడు.

"ఇప్పుడే ఎందుకక్కా? తొందరపడమాక. మొక్కుకున్నది మధ్యలో ఆపితే... బావప్పుడు కూడా జనవరిలో..." అని ఆగిపోయాడు.

అంటే వాడి గుండెలోనూ అదే ముల్లుంది. ఇంతకాలం ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకరికొకరు దాచుకున్నారు. జయమణికి తమ్ముడి మీద కోపం రాలేదు. వాడి ఎర్రబడిన కళ్ళు చూసి, ఆ కోటు వేసుకున్నవాడి మీద వచ్చింది. వెయ్యి రూపాయలు పోతే పోయాయి, ఎంతమంది ఇళ్ళల్లో ఈ ముల్లు దింపి, ఎంతమంది తల్లుల్నీ పెళ్ళాల్నీ హంతకుల్ని చేశాడు వాడు!

"ఆ మూడు రోజులూ మా ఇంట్లో నువ్వూ తిన్నావు కదరా. సగం ఉడికీ ఉడకని అన్నం" అన్నది.

"తిన్నా. ఐతే?"

"అది ఎవరిచ్చారు? ఎంతిస్తే ఇచ్చారు? మనం ఏ నెల తప్పామో చూసి ఇచ్చారా?"

స్టీవెన్ కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. "నువ్వే కూర్చో అక్కా. నావల్ల కాదు. పాస్‌వర్డు చెప్తా."

"ఏం పెట్టావు?"

"బావ పేరే."

జయమణి వెతుక్కుంటూ ఒక్కొక్క అక్షరమే కొట్టింది. ఒకటి కొట్టినప్పుడల్లా తెర మీద అక్షరం పడలేదు, నల్లచుక్క పడింది. పేరు పూర్తయ్యేసరికి వరసగా చుక్కలు తప్ప ఏమీ లేవు. లోపలికి వెళ్ళాక స్టీవెన్ వేలు పెట్టి చూపించినచోట నొక్కింది. నిజంగానే ఆపాలా అని అడిగింది కంప్యూటరు.

"చూశావా, ఆపేటప్పుడు ఎన్నిసార్లు అడుగుద్దో! పెట్టేటప్పుడు అడిగిందా ఇట్టా?" అన్నది జయమణి రుసరుసలాడుతూ.

"అడిగిందక్కా. మనమే చూడకుండా నొక్కేశాం."

జయమణి ఈసారి చూసే నొక్కింది. ఆగిపోయిందని పచ్చరంగులో ఒక చిన్న గీటు వచ్చింది. ఇంత చిన్న పనికి ఇన్ని నెలలు పట్టింది.

జులై ఐదు ఆదివారం వచ్చింది. గుడికి తయారై అత్తాకోడళ్ళు వరండాలోకి వచ్చేసరికి ఫోను మోగింది. ఒక్కసారే మోగింది. బ్యాంకు నుంచి కాదు. జయమణి అక్కడే నిలబడి చదువుకుంది.

"ప్రియమైన సిస్టర్ జయమణి, ఈ నెల మీ కానుక అందలేదు. కావున మీ భర్త బ్రదర్ ప్రేమానందం గారి స్వస్థత కొరకు ప్రార్థన నిలిపివేయబడినది. తిరిగి ప్రారంభించుటకు సంప్రదించండి."

ఆయన పోయాడని నోటితో చెప్పినా వాళ్ళకి ఎక్కలేదు. వెయ్యి రాలేదన్నది మాత్రం తెల్లారేసరికి ఎక్కింది. జయమణికి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండెలో మాత్రం ముల్లు తగల్లేదు. రూబీ దగ్గు తగ్గి వారమైంది, తగ్గకపోయినా ఈపాటికి మందే వేయించేది.

"ఏంటే? ఎవరు?" అన్నది జీవరత్నం, డబ్బాలో బియ్యం గుడ్డసంచిలో పోస్తూ.

"ఆయన కోసం ప్రార్థన ఆపేశారంట అత్తమ్మా."

ముసలావిడ సంచి మూతి బిగించి ముడి వేసింది.

"మొదలెట్టిందెప్పుడంట, ఆపడానికి?" అని, బియ్యం సంచి చంకన పెట్టుకుని గుమ్మం దిగింది.